డ్రెయిన్ రంధ్రపు మర పోయినచో చేయవలసినదేమి?
(రైల్వే, తపాలా ఉద్యోగుల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



వేతనములను గురించి, పెన్షనును గురించి, పని గంటలను గురించి మాటలాడుకొను ఈ తరగతిలో ఇంజను అడుగున నుండు ఒక చిన్న రంధ్రమును గురించి ప్రసంగమేమిటని మీలో కొందరికి సందేహము కలుగవచ్చును. కాని మనలో ఎందరి బ్రతుకు ఆ చిన్న రంధ్రముపై ఆధారపడియున్నదో ఒకమారు ఆలోచింపుడు. సొంత మోటారు సైకిలుపై ఉత్తరములు, పార్సిళ్ళు పంచు తపాలా సోదరుడున్నాడు. అర్ధరాత్రి పిలుపు రాగానే డ్యూటీకి హాజరు వేయించుకొనుటకు పది పన్నెండు కిలోమీటర్లు బండిపై పోవలసిన లోకో పైలట్ ఉన్నాడు. మెయిల్ మోటార్ సర్వీసు వ్యానును నడుపు డ్రైవరు, దానిని బాగుచేయు ఫిట్టరు ఉన్నారు. స్టేషనులోని డీజిలు జనరేటరును కనిపెట్టుకొనియుండువారున్నారు. వీరందరి యంత్రముల అడుగునను నూనె దింపుటకు ఒక రంధ్రము, దానిని మూయుటకు ఒక ప్లగ్గు ఉన్నవి. ఆ ప్లగ్గు పట్టియుండు మర పోయెనా, నూనె పోవును. నూనె పోయెనా, ఇంజను బిగుసుకొనిపోవును. పది నిమిషముల అశ్రద్ధకు నెల జీతమును మించిన ఖర్చు వచ్చిపడును. శాఖ వారి బండియైనచో ఖర్చుతోపాటు సంజాయిషీ పత్రము కూడ వచ్చును.

కావున ఈ మర యెందుకు పోవును, పోయినదని యెట్లు తెలిసికొనవలెను, ఏ స్థితిలో ఏ మరమ్మతు తగును, తప్పు యెవరిది అను నాలుగు ప్రశ్నలకు వరుసగా జవాబు చెప్పుకొందము.

మర అనగా నేమి, అది యెందుకు తెగును?

మర యనునది ఒక కడ్డీ చుట్టును చుట్టిన ఏటవాలు బాట. ఒకప్పుడు ప్రతి కర్మాగారమువారు తమకు తోచిన కొలతతో మరలు కోసుకొనెడివారు. ఒకచోటి బోల్టు మరియొకచోటి నట్టుకు పట్టెడిది కాదు. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 55 డిగ్రీల కోణముతో ఒక ప్రమాణమును ప్రతిపాదించెను. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణమును ప్రతిపాదించెను. నేడు మనము వాడు మెట్రిక్ మరలన్నియు 60 డిగ్రీలవే. మన దేశమున దీనికి ఐ.ఎస్. 4218 అను ప్రమాణము కలదు. పాత నమూనా బండ్లలో బ్రిటిష్ కొలతల మరలు ఇప్పటికిని కనబడుచుండును. వానిలో మెట్రిక్ ప్లగ్గును బలవంతముగా ఎక్కించినచో మొదటి రోజుననే మర నాశనమగును.

మర కొలతను రెండు అంకెలతో చెప్పుదురు. మొదటిది వ్యాసము, రెండవది పిచ్, అనగా ఒక చుట్టుకును మరు చుట్టుకును నడుమనుండు దూరము. మన దేశములో విస్తారముగా వాడుకలోనున్న 100 సీసీ తరగతి నాలుగు స్ట్రోకుల మోటారు సైకిళ్ళు చాలవానిలో డ్రెయిన్ ప్లగ్గు 12 మిల్లీమీటర్ల వ్యాసము, 1.5 మిల్లీమీటర్ల పిచ్ గలది. కార్లు, చిన్న వ్యానులలో 14 మి.మీ. ప్లగ్గులు తరచుగా కనబడును. అందు 1.5 పిచ్ గలవియు, 1.25 పిచ్ గలవియు ఉన్నవి. చూపునకు రెండును ఒకేవిధముగా నుండును. చేతితో రెండు చుట్లు తిరుగును కూడ. ఆపైన పానా వేసి త్రిప్పినచో ఒకదాని చుట్లు మరియొకదాని చుట్లను కోసివేయును. పిచ్ గేజి యను చిన్న పరికరముతో కొలిచి చూడనిదే కొత్త ప్లగ్గు కొనరాదు.

ఇక మర తెగుటకు మూలకారణమును చూతము. ప్లగ్గు ఉక్కుది. మోటారు సైకిలు క్రాంక్ కేసు, చాల కార్ల నూనె తొట్టి పోత అల్యూమినియముతో చేసినవి. గట్టి లోహము మెత్తని లోహములో తిరుగుచున్నది. పోరు జరిగినప్పుడెల్ల ఓడునది అల్యూమినియమే. అంతేకాదు. బిగించినప్పుడు భారము అన్ని చుట్లపైనను సమానముగా పడదు. తలకు దగ్గరనున్న మొదటి చుట్టే మొత్తము భారములో దాదాపు మూడవ వంతును మోయును. రెండవ చుట్టుపై అంతకంటె తక్కువ, మూడవదానిపై ఇంకను తక్కువ. మితిమీరి బిగించినప్పుడు మొదట సాగునది ఆ మొదటి చుట్టే. అది లొంగగానే దాని భారము రెండవదానిపై పడును. ఈ విధముగా నూనె మార్చిన ప్రతిమారు కొంచెము కొంచెముగా చుట్లు బలహీనపడి, ఒకనాడు మిగిలిన చుట్లన్నియు ఒక్కసారిగా తెగి, తీగవలె ప్లగ్గుకు చుట్టుకొని బయటికి వచ్చును. ఈ సంగతిని గుర్తుంచుకొనుడు. బాధ్యతను గురించి మాటలాడునప్పుడు దీని అవసరము కలుగును.

బిగింపు ఎంత?

పైన చెప్పిన 12 మి.మీ. ప్లగ్గునకు తయారీదారులు సూచించు బిగింపు సుమారు 25 న్యూటన్ మీటర్లు. మీ బండి పుస్తకములో నున్న అంకెయే మీకు ప్రమాణము. 25 న్యూటన్ మీటర్లనగా ఎంత? 20 సెంటీమీటర్ల పొడవుగల పానా చివర సుమారు 125 న్యూటన్ల బలము, అనగా దాదాపు పన్నెండున్నర కిలోల బరువు ఆనించినంత. పెద్దవాడు మణికట్టుతో, మోచేతిని కదిలించి ఇచ్చునంత బలమే ఇది. శరీరపు బరువును మోపవలసిన పని లేదు. అదే బలమును పానాకు పైపు తగిలించి 60 సెంటీమీటర్ల దూరమునుండి ఇచ్చినచో బిగింపు 75 న్యూటన్ మీటర్లగును. చేతికి తేడా తెలియదు. మరకు మాత్రము మూడు రెట్లు తెలియును. డ్రెయిన్ ప్లగ్గునకు పైపు తగిలించువాడు దానిని బిగించుచున్నాననుకొనును గాని నిజమునకు ట్యాపువలె కోయుచున్నాడు.

అయినను మనవారు ఎందుకు అంతగా బిగింతురు? నూనె కారునేమోనను భయముచేత. ఇక్కడనే అసలు అపోహ ఉన్నది. నూనెను ఆపునది మర కాదు, వాషరు. మర పని పట్టియుంచుట మాత్రమే. రాగి వాషరుగాని అల్యూమినియము వాషరుగాని రెండు ముఖముల నడుమ నలిగి, సందులను నింపి నూనెను ఆపును. ఒకసారి నలిగిన వాషరు గట్టిపడును. దానినే మరల వేసినచో చుక్క చుక్కగా కారును. కారుచున్నదని మరికొంచెము బిగింతురు. వారము తరువాత మరికొంచెము. చివరకు మర పోవును. కొన్ని రూపాయల వాషరును మార్చనందున వేల రూపాయల కేసింగు పోయినదన్నమాట.

కొత్త వాషరు దొరకనిచోట రాగి వాషరును మెత్తబరచు పద్ధతి కలదు. దానిని మంటలో ఎర్రబడునంతవరకు కాల్చి నీటిలో ముంచవలెను. ఉక్కు ఈ విధముగా చేసిన గట్టిపడును గాని రాగి మెత్తబడును. పైనున్న నల్లని పొరను సన్నని గరుకు కాగితముతో తీసి, సమముగా నున్నదో లేదో గాజు పలకపై పెట్టి చూచి వాడుకొనవచ్చును. అల్యూమినియము వాషరుతో ఈ పని చేయరాదు. అది ఎర్రబడకమునుపే కరగిపోవును.

లక్షణములు

మర పోయినదనుటకు గుర్తులు మూడు. బిగించుచున్నప్పుడు ప్లగ్గు ఒకచోట గట్టిపడి, తరువాత హఠాత్తుగా తేలికయై ఎంత త్రిప్పినను తిరుగుచుండుట మొదటిది. విప్పి చూచినప్పుడు ప్లగ్గు చుట్ల నడుమ మెరయుచున్న తెల్లని లోహపు తునకలుండుట రెండవది. కొత్త వాషరు వేసి, సరియైన బిగింపు ఇచ్చినను నూనె కారుట మూడవది. మొదటి గుర్తు కనబడగానే ఆగిపోవలెను. మరి రెండు చుట్లు త్రిప్పి చూతమనుకొన్నచో, బాగుచేయదగిన మర కూడ మిగులదు. అట్టి ప్లగ్గుతో బండిని రోడ్డు మీదికి తీసికొనిపోరాదు. ఇంజను అదురునకు ప్లగ్గు ఊడినచో నూనె క్షణములలో దిగిపోవును. నూనె దీపము వెలుగువరకైనను ఆగదు. చాల మోటారు సైకిళ్ళకు అట్టి దీపమే లేదు.

మరమ్మతు: తేలికైన దానినుండి కష్టమైన దానికి

మరమ్మతుకు ముందు రంధ్రమును గుడ్డతో శుభ్రపరచి దీపపు వెలుతురులో పరీక్షింపవలెను. కొత్త ప్లగ్గును వ్రేళ్ళతో త్రిప్పి చూడవలెను. తెగినది రంధ్రపు మరయా, ప్లగ్గు మరయా? ఎన్ని చుట్లు మిగిలియున్నవి? చుట్టునున్న గోడ మందమెంత? పగులు కలదా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకొన్న పిదపనే పద్ధతిని ఎన్నుకొనవలెను.

మొదటి పద్ధతి: ప్లగ్గును మార్చుట. కొన్ని సమయములలో అరిగినది ప్లగ్గే. మరికొన్ని సమయములలో రంధ్రము లోతుగా నుండి, పాత ప్లగ్గు పొట్టిదగుటచేత లోపలి చుట్లు ఎన్నడును వాడబడక కొత్తవిగానే యుండును. అట్టిచోట అదే కొలతగల, నాలుగైదు మిల్లీమీటర్లు పొడవైన ప్లగ్గు ఆ లోపలి చుట్లను పట్టుకొనును. అయితే లోపల జల్లెడగాని, తిరుగు భాగముగాని దానికి తగులదని ముందు రూఢి చేసికొనవలెను.

రెండవ పద్ధతి: చుట్లను సరిచేయుట. ఒకటి రెండు చుట్లు మాత్రమే వంగియున్నచో, అదే కొలత ట్యాపును చేతితో మెల్లగా నడిపి శుభ్రపరచవచ్చును. ఇది వంగిన చుట్లను నిలబెట్టును గాని తెగిన చుట్లను పుట్టింపజాలదు. మూడింట రెండు వంతుల చుట్లు బాగుగా నున్నప్పుడే దీనిని నమ్మవలెను.

మూడవ పద్ధతి: పెద్ద కొలతకు కోయుట. 12 మి.మీ. రంధ్రమును 14 మి.మీ.కు పెంచి కొత్త మర కోసి, 14 మి.మీ. ప్లగ్గును వేయుట. ఏ కొలత డ్రిల్లు వాడవలెననుటకు సులభమైన లెక్క కలదు. వ్యాసమునుండి పిచ్‌ను తీసివేసినచో వచ్చునదే డ్రిల్లు కొలత. 14లో 1.5 తీసివేయగా 12.5 మిల్లీమీటర్లు. రంధ్రము చుట్టును గోడ తగినంత మందముగా నుండవలెను. కొత్త వాషరు ఆనుటకు చదునైన ముఖము మిగిలియుండవలెను. పని ముగిసిన తరువాత ఆ ప్రక్కననే రంగుతో 14 అని వ్రాయవలెను. లేనిచో తరువాతి మెకానికు పాత కొలత ప్లగ్గు తెచ్చి తికమకపడును.

బజారులో తానే మర కోసికొనిపోవు పెద్ద ప్లగ్గులు కూడ దొరకును. దారిలో చిక్కుకొన్నవానికి ఇవి తాత్కాలికముగా ఇల్లు చేర్చును. కాని అవి వంకరగా ఎక్కుటకును, పోత అల్యూమినియమును పగులగొట్టుటకును అవకాశము ఎక్కువ. వానిని శాశ్వతమైన మరమ్మతుగా ఎంచరాదు.

నాలుగవ పద్ధతి: తీగచుట్ట ఇన్సర్టు. హెలికాయిల్ అను పేరుతో మనవారెరిగినది ఇదే. స్టెయిన్‌లెస్ ఉక్కు తీగను వజ్రాకారపు కోతతో స్ప్రింగువలె చుట్టి తయారుచేయుదురు. రంధ్రమును పెట్టెపై చూపిన కొలతకు డ్రిల్లు చేసి, ఆ పెట్టెలోనే వచ్చు ప్రత్యేకమైన ట్యాపుతో మర కోసి, పరికరముతో తీగచుట్టను ఎక్కింపవలెను. ఎక్కించిన పిదప దాని అంచు ముఖమునకు పావు నుండి అర చుట్టు లోపలికి ఉండవలెను. బయటికి పొడుచుకొనివచ్చినచో వాషరు ఆనదు. ఈ పద్ధతిలోని లాభమేమనగా, పాత కొలత ప్లగ్గునే వాడుకొనవచ్చును. మెత్తని అల్యూమినియమునకు బదులు ఉక్కు చుట్లు వచ్చును గనుక మర పూర్వముకంటె బలముగా నుండును.

ఇచ్చట రెండు హెచ్చరికలు. తీగచుట్ట చివర ఒక చిన్న నాలుక ఉండును. ఎక్కించిన తరువాత దానిని విరుగగొట్టవలెను. ఆ విరిగిన ముక్క ఇంజనులోనికి పడిపోకుండ తప్పక బయటికి తీయవలెను. నాలుక చేత చిక్కినదని కన్నులార చూచినగాని పని ముగిసినట్లు కాదు. రెండవది, తీగ వెనుకనుండి నూనె పాకుటకు సన్నని దారి ఉండును. కావున రంధ్రపు మూతిని విడల్పుగా చెక్కరాదు. వాషరు ఆను వలయము చెక్కుచెదరకుండ నుండవలెను.

ఐదవ పద్ధతి: గట్టి బుష్షు. నా అభిప్రాయమున డ్రెయిన్ రంధ్రమునకు, గోడ మందమున్నచోట, దీనిని మించినది లేదు. నూనె మార్చిన ప్రతిమారును విప్పవలసిన మరకు తీగకంటె బుష్షు మిన్న. మన టర్నరు సోదరులు లేతుపై దీనిని సులభముగా చేయగలరు. బయట 18 మి.మీ., 1.5 పిచ్ మర. లోపల 12 మి.మీ., 1.5 పిచ్ మర; తలవద్ద పలుచని అంచు. 18 మి.మీ. మరకు డ్రిల్లు 16.5 మి.మీ. బయటి మర అడుగునకును లోపలి రంధ్రమునకును నడుమ దాదాపు రెండు మిల్లీమీటర్ల గోడ మిగులును. అది చాలును. చోటు చాలనప్పుడు బయట 16 మి.మీ. తీసికొనవచ్చును గాని గోడ ఒక్క మిల్లీమీటరే మిగులును గనుక జాగ్రత్త వహింపవలెను. రెండు లోహములను నూనె లేకుండ తుడిచి, వేడికి ఆగు మర జిగురును బయటి మరకు పూసి బిగించి, పెట్టెపై చెప్పినంత కాలము ఆరనిచ్చిన తరువాతనే నూనె పోయవలెను. అంచు ముఖము రంధ్రమునకు నిటారుగా లేనిచో వాషరు ఒకవైపుననే ఆనును. నూనె మరల కారును.

ఆరవ పద్ధతి: వెల్డింగు. పగులున్నచోట, గోడ మిగలనిచోట ఇదియే గతి. నూనె తొట్టిని విప్పి, నూనె వాసన కూడ లేకుండ శుభ్రపరచి, ఆర్గాన్ వెల్డింగుతో రంధ్రమును నింపి, ముఖమును చదునుచేసి, 10.5 మి.మీ. డ్రిల్లు వేసి 12 మి.మీ. మర కోయవలెను. వేడికి గ్యాస్కెటు ముఖము వంగు ప్రమాదము కలదు. మోటారు సైకిళ్ళలో రంధ్రము క్రాంక్ కేసులోనే యుండును గనుక ఇంజను మొత్తము విప్పవలసివచ్చును. ఆ కారణముచేతనే అక్కడ బుష్షు మేలు.

రేకు తొట్టిగల వ్యానుల సంగతి వేరు. అక్కడ రేకునకు లోపల ఒక ఉక్కు నట్టు అతుకబడియుండును. తొట్టిని దింపి శుభ్రపరచి, పెద్ద కొలతకు కోయుటయో, కొత్త నట్టు అతికించుటయో చేయవచ్చును. నూనె ఆవిరులున్న తొట్టికి మంట చూపుట ప్రాణాపాయమని మరువరాదు.

పనితనము

ఏ పద్ధతియైనను జయాపజయములు చేతి పనిలోనే యున్నవి. ట్యాపు నిటారుగా పోవలెను. మొదటి రెండు చుట్ల తరువాత చిన్న మూలమట్టమును రెండు దిక్కుల ఆనించి చూడవలెను. వంకరగా మొదలైన మరను తరువాత తిన్నగా చేయుట సాధ్యము కాదు. ట్యాపుల జతలో మూడుండును. ఏటవాలు మూతిగల దానితో మొదలుపెట్టవలెను. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనుకకు త్రిప్పినచో తునకలు తెగి రాలును. అల్యూమినియమునకు కోత ద్రవముగా కిరోసిను చాలును. చేతి డ్రిల్లుతో పెద్ద బిట్టు వేయునప్పుడు అది ఊగి రంధ్రమును కోడిగ్రుడ్డువలె చేయును. వీలైనచో తొట్టిని విప్పి స్తంభపు డ్రిల్లుపై వేయవలెను. కంటికి అద్దములు లేకుండ బండి క్రింద పడుకొని డ్రిల్లు వేయరాదు. జాకీ ఒక్కదానిపైనే ఆనియున్న బండి క్రిందకు దూరనే రాదు.

తునకలు ఇంజనులో మిగిలిపోవుట మర పోవుటకంటె పెద్ద కీడు. ట్యాపు గాడులకు, డ్రిల్లు గాడులకు గ్రీజు దట్టముగా పూసినచో తునకలు దానికి అంటుకొనును. రెండు మూడు చుట్లకొకమారు బయటికి తీసి తుడిచి మరల గ్రీజు పూయవలెను. అయస్కాంతముతో తీసివేయుదమనుకొనువారు ఒక సంగతి గమనింపవలెను: అల్యూమినియము అయస్కాంతమునకు అంటదు. పని ముగిసిన తరువాత పైనుండి అర లీటరు చవుకరకపు కొత్త నూనె పోసి, క్రింద తెల్లని గుడ్డపై దింపి, గుడ్డపై మెరపులు కనబడనంతవరకు మరల మరల చేయవలెను. జల్లెడ విప్పుటకు వీలున్నచో దానిని కూడ కడుగవలెను. కడుగుటకు పెట్రోలు వాడరాదు.

టెఫ్లాన్ టేపు చుట్టుట, ఎపాక్సీ ముద్ద కూరుట, జనపనార చుట్టుట — ఈ మూడింటిని ఇంజనుకు చేయరాదు. టేపు ముక్కలు, ఎపాక్సీ పెళుసులు ఊడి నూనె దారిని మూయును. నీళ్ళ కొళాయికి తగినది ఇంజనుకు తగదు.

పిదప కొత్త వాషరుతో ప్లగ్గును చివరివరకు వ్రేళ్ళతోనే త్రిప్పి, ఆ తరువాత మాత్రమే పానా వేసి బిగింపవలెను. నూనె పోసి పది నిమిషములు ఆగి తుడిచి చూడవలెను. ఇంజనును ఐదు నిమిషములు నడిపి, క్రింద కాగితము పరచి చూడవలెను. 50 కిలోమీటర్లు తిరిగిన తరువాత, ఇంజను చల్లబడినప్పుడు మరియొకసారి చూడవలెను. దింపిన పాత నూనెను కాలువలో పోయరాదు. దానిని డబ్బాలో భద్రపరచి, పాత నూనెను సేకరించు అధికృత వ్యాపారులకే ఈయవలెను.

తప్పు యెవరిది?

ఇక మన సంఘమునకు సంబంధించిన మాట. డిపోలో ఒక ఫిట్టరు వ్యాను నూనె మార్చుచుండగా మర పోయినదనుకొందము. అధికారి దృష్టిలో నేరస్థుడు సిద్ధముగా నున్నాడు: ఎవరి చేతిలో ఊడినదో వాడే. కాని ఇంతకుముందు చెప్పుకొన్న విషయమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. మర ఒక్కనాడు తెగదు. మొదటి చుట్టు ఏ సంవత్సరమున లొంగినదో, రెండవది ఎవరి పైపుదెబ్బకు సాగినదో ఎవరికిని తెలియదు. ఎవరి చేతిలో ఊడినదో వాడు దానిని పాడుచేసినవాడు కానక్కరలేదు. పది మారులు పాత వాషరుతోనే బిగింపబడిన ప్లగ్గు పదకొండవ మారు తెగినచో, ఆ పదకొండవ మనిషి జీతమునుండి కోత విధించుట న్యాయమగునా?

నియమములు కూడ ఇట్టి తొందరపాటును ఒప్పవు. తపాలా ఉద్యోగులకు వర్తించు 1965 నాటి సి.సి.ఎస్. (సి.సి.ఎ.) నియమావళిలోను, రైల్వే ఉద్యోగులకు వర్తించు 1968 నాటి క్రమశిక్షణ, అప్పీలు నియమావళిలోను, అశ్రద్ధవలన కలిగిన నష్టమును జీతమునుండి రాబట్టుట ఒక శిక్షగా పేర్కొనబడినది. అది చిన్న శిక్షల జాబితాలోనున్నను శిక్షయే. కావున ఆరోపణను వ్రాతపూర్వకముగా తెలియజేసి, ఉద్యోగి సమాధానము చెప్పుకొనుటకు అవకాశమీయక దానిని విధింపరాదు. నోటిమాటతో కోత పెట్టుట చెల్లదు.

ఆ సమాధానమును వ్రాయునప్పుడు మన సోదరుడు అడుగవలసిన ప్రశ్నలు ఇవి. గత రెండు సంవత్సరములలో ఈ వ్యానునకు ఎన్నిమార్లు నూనె మార్చబడినది? స్టోర్సునుండి ఎన్ని వాషరులు ఈయబడినవి? బిగింపును కొలుచు టార్కు రెంచి డిపోలో కలదా? తయారీదారు సూచించిన అంకె గోడపై వ్రాయబడియున్నదా? పది నూనె మార్పులకు రెండే వాషరులిచ్చిన స్టోర్సు రిజిస్టరు తానే సాక్ష్యము చెప్పును.

అయితే సోదరులారా, ఈ ప్రశ్నలు అడుగుటకు మన చేతులు కూడ శుభ్రముగా నుండవలెను. విప్పగానే ప్లగ్గు చుట్లలో తెల్లని తునకలు కనబడినచో, పని ఆపి, బిగింపకమునుపే సూపర్‌వైజరునకు చూపి, లాగు పుస్తకములో తేదీతో వ్రాయింపుడు. పాడైన ప్లగ్గును పారవేయక చీటీ కట్టి ఉంచుడు. మరి ఒక నూనె మార్పు వరకు ఎట్లో నిలుచునులే అని మౌనముగా బిగించి పంపినచో, దారిలో నిలిచిపోవు డ్రైవరు మన సోదరుడే. తరువాత పానా పట్టుకొని సంజాయిషీ వ్రాయవలసినవాడును మన సోదరుడే. మన మౌనము మూలమున కష్టపడునది యాజమాన్యము కాదు.

సొంత బండ్లు గలవారికి కూడ ఒక మాట. రోడ్డు ప్రక్క మెకానికు మనవలెనే కష్టజీవి. అతనిని తొందరపెట్టక, కొత్త వాషరును మీరే కొని చేతికిచ్చి, పైపు తగిలింపవలదని ముందే చెప్పి, బిగించునప్పుడు దగ్గర నిలిచి చూడుడు.

చెప్పినదంతయు సంగ్రహించినచో ఐదు మాటలగును. నూనె గోరువెచ్చగా నున్నప్పుడు దింపుడు, మరగుచున్నప్పుడు కాదు. ప్రతిమారును కొత్త వాషరు వేయుడు. మొదటి చుట్లను వ్రేళ్ళతోనే త్రిప్పుడు. పుస్తకములోని అంకెకు మించి బిగింపకుడు. తేడా కనబడగానే వ్రాతలో పెట్టుడు.

రెండు డిపోలలోనైనను గోడమీద బిగింపు అంకె వ్రాయబడి, స్టోర్సులో వాషరుల డబ్బా నిండియుండునట్లు మీ శాఖా సమావేశములలో తీర్మానము చేసి పంపింతురని ఆశించుచున్నాను.